చరఖా నుంచి చక్రం దాకా: జాతీయ పతాకంలో సారనాథ్ ఆకుల లెక్క

పోయిన వర్షావాసంలో భిక్షువుల కోసం ఏర్పాటైన ఒక పాఠ్యక్రమంలో మౌర్యశిల్పాన్ని గురించి చెబుతున్నప్పుడు, ముందు వరుసలో కూర్చున్న ఒక యువ భిక్షువు సూటిగా ఒక ప్రశ్న వేశారు: జాతీయ పతాకంలోని చక్రానికి 24 ఆకులు ఏ సూత్రాన్ని అనుసరించి పెట్టారు? నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. ప్రతీత్యసముత్పాదంలోని 12 నిదానాలు అనులోమంలో 12, ప్రతిలోమంలో 12, వెరసి 24. ఈ మాట నేను కొన్నేళ్ళుగా తరగతుల్లో చెబుతూ వచ్చాను. 'అది ఏ గ్రంథంలో ఉంది?' అని ఆయన మళ్ళీ అడిగారు. చూసి చెబుతాను భంతే అని అప్పటికి తప్పించుకున్నాను. ఈ వ్యాసం ఆ చూడడంలోంచి వచ్చింది.

పురావస్తు పరిశోధకులకు ఒక అలవాటు ఉంటుంది. ఏ వస్తువు చేతికి వచ్చినా అది ఏ పొరలో దొరికిందని ముందుగా అడుగుతారు. జాతీయ పతాకాన్ని అలా చూసినవాళ్ళు తక్కువ. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన రూపాన్ని చూసి, అది ఒక్కసారిగా, ఒక్క ఆలోచనగా పుట్టిందనుకుంటాం. నిజానికి దానిలో కనీసం నాలుగు పొరలున్నాయి. ఒక్కో పొరలో రంగుల స్థానం మారింది, గుర్తు మారింది, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ గుర్తుకు చెప్పే అర్థం మారింది.

అన్నిటికంటే అడుగున ఉన్న పొరలో ఒక బౌద్ధ చిహ్నమే ఉండడం విశేషం. సోదరి నివేదిత 1904లో బుద్ధగయకు వెళ్ళారు. అక్కడి వజ్రం ఆమె మనసులో నిలిచిపోయింది. వజ్రాన్ని జాతీయ పతాకానికి గుర్తుగా తీసుకోవాలని 1909లో 'మోడరన్ రివ్యూ' పత్రికలో ఒక వ్యాసమే రాశారు. అయితే వజ్రం జనంలోకి వెళ్ళలేదు. 1906 ఆగస్టు 7న కలకత్తాలోని పార్సీబాగాన్ మైదానంలో ఎగిరిన జెండా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలతో, ఎనిమిది తామరపూలతో, నడుమ 'వందేమాతరం' అక్షరాలతో ఉంది. 1907 ఆగస్టులో స్టుట్‌గార్ట్ నగరంలో మేడమ్ కామా ఎగురవేసినదీ, 1917లో హోంరూల్ ఉద్యమకారులు వాడినదీ వేరువేరు రూపాలు. హోంరూల్ జెండాలో ఐదు ఎర్ర పట్టీలు, నాలుగు ఆకుపచ్చ పట్టీలు, సప్తర్షి మండలపు ఏడు నక్షత్రాలు ఉండగా, మూలలో యూనియన్ జాక్ కూడా ఉంది. వీటిలో ఏదీ నేటి పతాకానికి నేరుగా పూర్వరూపం కాదు. అందుచేత వాటి దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

నేటి పతాకానికి నేరుగా మూలమైన పొర బెజవాడలో ఉంది. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు చెందిన పింగళి వెంకయ్యగారు 1916లోనే జాతీయ పతాకాన్ని గురించి ఒక చిన్న పుస్తకం ప్రచురించి, అనేక నమూనాలు చూపించారు. గాంధీజీ ఆ శ్రమను మెచ్చుకున్నా, ఆ నమూనాలు ఏవీ ఆయనను కదిలించలేదు. జెండాలో రాట్నం ఉండాలన్న సూచన జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌ది. 1921లో మార్చి ఆఖరున, ఏప్రిల్ మొదట్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశమైనప్పుడు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండేలా ఒక నమూనా గీసి ఇమ్మని గాంధీజీ వెంకయ్యగారిని కోరారు. మూడు గంటల్లో జెండా సిద్ధమైంది. అయినా సభ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైపోయింది.

ఆ ఆలస్యం గురించి గాంధీజీ అదే ఏప్రిల్‌లో 'యంగ్ ఇండియా'లో రాసిన మాటలు పతాక చరిత్రకు గొప్ప ఆధారం. ఆలస్యమైనందుకు తాను సంతోషించానని ఆయనే చెప్పారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తయితే తక్కిన మతాల మాటేమిటన్న ఆలోచన ఆ వ్యవధిలోనే ఆయనకు వచ్చింది. అలా తెలుపు చేరింది. సంఖ్యలో తక్కువైనవారికి మొదటి స్థానం ఇవ్వాలన్న భావంతో తెలుపును పైన, ఆకుపచ్చను నడుమ, ఎరుపును కింద ఉంచారు. రాట్నం మూడు పట్టీలనూ ఆక్రమించి ఉండేది. నేడు చక్రం ఏ తెల్లపట్టీమీద ఉందో ఆ పట్టీ పుట్టుక ఇది.

వెంకయ్యగారి పాత్రను గురించి మన తెలుగుదేశంలో రెండు రకాల మాటలు వింటూ ఉంటాం. నేటి జెండా యావత్తూ ఆయన సృష్టేనన్నది ఒకటి. ఆయన గీసినది వేరు, ఇప్పుడున్నది వేరు అన్నది రెండవది. పొరల లెక్క తెలిస్తే ఈ రెండూ తొందరపాటు మాటలని తేలుతుంది. 1921 నమూనా లేకుండా 1931 నమూనా లేదు, అది లేకుండా 1947 నమూనా లేదు. ఒక స్తూపానికి మొదటి దశలో వేసిన ఇటుకల వరుస తరువాతి రాతిపలకల వెనక కనిపించకపోవచ్చు. అయినా స్తూపం నిలిచింది ఆ ఇటుకల మీదనే.

మూడవ పొర 1931. అప్పటికి పదేళ్ళుగా జెండా జనంలో తిరుగుతోంది. 1923లో నాగపూరులో జెండా సత్యాగ్రహం జరిగి, దాని కోసం జనం జైళ్ళకు కూడా వెళ్ళారు. కాని రంగులకు మతాల అర్థం చెప్పినంతకాలం మరొకరు వచ్చి తమ రంగేదని అడగక తప్పదు. సిక్కులు అలాగే అడిగారు. కరాచీ మహాసభ తరువాత ఏడుగురు సభ్యుల పతాక సంఘం ఏర్పడింది. అందులో పటేల్, నెహ్రూ, ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, డాక్టర్ హార్డీకర్ ఉన్నారు. సమావేశకర్త మన పట్టాభి సీతారామయ్యగారు. జెండా అంతా ఒకే కాషాయం రంగులో ఉండాలి, పై మూలలో రాట్నం ఉండాలి అన్నది ఆ సంఘం సిఫారసు. అది ఆమోదం పొంది ఉంటే మన పతాకం చూడడానికి భిక్షువుల చీవరంలా ఉండేది. ఆగస్టులో బొంబాయిలో కూడిన కాంగ్రెస్ సంఘం దానిని తోసిపుచ్చి, కాషాయం, తెలుపు, ఆకుపచ్చ అనే వరుసను, తెల్లపట్టీ నడుమ నీలిరంగు రాట్నాన్ని స్వీకరించింది.

ఈ తీర్మానంలో చాలామంది గమనించని ఒక మాట ఉంది. రంగులకు మతపరమైన అర్థం లేదని అందులో స్పష్టంగా చెప్పారు. కాషాయం ధైర్యత్యాగాలకు, తెలుపు సత్యశాంతులకు, ఆకుపచ్చ విశ్వాసానికి, శౌర్యానికి గుర్తులన్నారు. అంటే గుర్తులు దాదాపు అలాగే ఉండగా అర్థాన్ని మాత్రం తీర్మానం ద్వారా మార్చారు. చిహ్నాల చరిత్రలో ఇది అరుదుగా నమోదయ్యే సంగతి. ఒక బోధివృక్ష పూజాశిల్పం తరువాతి కాలంలో మరో దేవతకు అన్వయం పొందిందని మనం ఊహిస్తాం, వాదిస్తాం. ఇక్కడ మాత్రం ఆ మార్పు జరిగిన ఊరు, నెల తెలుసు.

1947 జూన్‌లో రాజ్యాంగ సభ పతాకం కోసం రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఆజాద్, సరోజినీ నాయుడు, రాజగోపాలాచారి, మున్షీ, అంబేడ్కర్ అందులో సభ్యులు. జూలై 22న నెహ్రూ తీర్మానం ప్రవేశపెట్టారు. రాట్నం పోయి చక్రం ఎందుకు వచ్చిందో ఆ ప్రసంగంలోనే చెప్పారు. మనం ఆశించే గంభీరమైన కారణం మొదట రాలేదు. మొదట వచ్చినది పూర్తిగా పనిలోని ఇబ్బంది. జెండా రెండు వైపులా ఒకేలా కనబడాలి. రాట్నంలో చక్రం ఒక పక్క, కదురు మరో పక్క ఉంటాయి. వెనకనుంచి చూస్తే అవి తారుమారవుతాయి. అందుచేత కదురును, నూలును వదిలేసి చక్రాన్ని మాత్రం ఉంచుకున్నారు. ఉంచుకున్నాక, ఎలాంటి చక్రం అన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు ఆలోచన అశోకుడి వైపు వెళ్ళింది. ఆ పేరు పతాకంతో ముడిపడడం తనకెంతో సంతోషమని నెహ్రూ అన్నారు. అదే సభలో రాధాకృష్ణన్ దానిని ధర్మచక్రంగానే వ్యాఖ్యానించి, చక్రం చలనానికి గుర్తని చెప్పారు.

తీర్మానం పాఠాన్ని జాగ్రత్తగా చదివితే రెండు సంగతులు తెలుస్తాయి. మొదటిది, ఆ చక్రం చరఖాకు ప్రతీక అని అందులో ఉంది. దాని ఆకృతి మాత్రం సారనాథ్ సింహస్తంభశీర్షంలోని గుండ్రని ఫలకం మీద ఉన్న చక్రానిది. అంటే శాసనకర్తల దృష్టిలో రూపం అశోకుడిది, అర్థం రాట్నానిది. 'ధర్మచక్రం' అన్న మాట ఆ తీర్మానంలో లేదు. రెండవది, ఎన్ని ఆకులుండాలన్నది అందులో లేనే లేదు. చక్రం వ్యాసం దాదాపు తెల్లపట్టీ వెడల్పంత ఉండాలని, జెండా వెడల్పు పొడవులు 2:3 నిష్పత్తిలో ఉండాలని చెప్పి ఊరుకుంది. సంఖ్యను నేరుగా రాతి నుంచే తీసుకోమని వదిలేసిందన్నమాట.

ఇంత జరిగినా చరఖా తొలగిపోయిందన్న బాధ గాంధీజీకి పోలేదు. చరఖా లేని జెండాకు తాను వందనం చేయనని 1947 ఆగస్టులో లాహోరులో అన్నారు. ఆ చక్రంలో రాట్నాన్ని చూడగలిగితే సరే అన్నది ఆయన వైఖరి. బెజవాడలో మొదలైన రాట్నం తీర్మానంలోని ఒక్క పదంలోకి కుదించుకుపోయిందని ఆయనకు తెలుసు.

ఇక ఆ రాయి సంగతి. సారనాథ్‌లో ఎఫ్. ఓ. ఓర్టెల్ 1904–05లో జరిపిన తవ్వకాల్లో సింహస్తంభశీర్షం బయటపడింది. చునార్ ఇసుకరాయి, అద్దంలాంటి మెరుగు, సుమారు 7 అడుగుల ఎత్తు. అడుగున గంటలా వాలిన పద్మం, దానిమీద గుండ్రని ఫలకం, ఫలకం చుట్టూ ఏనుగు, వృషభం, అశ్వం, సింహం, వాటి నడుమ నాలుగు చక్రాలు, పైన వీపులు కలిపి నిలిచిన నాలుగు సింహాలు. ఫలకం మీది ఒక్కో చక్రానికి 24 ఆకులున్నాయి. జెండాలోకి వెళ్ళినది ఈ చక్రమే.

కాని సారనాథ్‌లో ఇంకొక చక్రం ఉండేది. సింహాల తలలకు పైన, స్తంభం మొత్తానికి శిఖరంగా ఒక పెద్ద చక్రాన్ని నిలిపారు. దాని ముక్కలు తవ్వకాల్లోనే దొరికాయి. 1914లో వెలువడిన సారనాథ్ మ్యూజియం పట్టికలో దయారామ్ సాహ్ని దాని వ్యాసం 2 అడుగుల 9 అంగుళాలని, ఆకులు బహుశా 32 అని అంచనా వేశారు. శిల్పి ఉద్దేశంలో ధర్మచక్రమంటే ఇదే. సింహాలు మోసినది దీనినే. శాక్యసింహుని సింహనాదం నాలుగు దిక్కులకూ వినిపించగా ధర్మచక్రం పైన తిరుగుతుందన్న భావన ఆ నిర్మాణంలో ఉంది. ఫలకం మీది నాలుగు చక్రాలు జంతువుల నడుమ ఖాళీని నింపే అలంకారం కూడా కావచ్చు, వేరే అర్థం కలవీ కావచ్చు. పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నెహ్రూ తన ప్రసంగంలో అశోకస్తంభ శీర్షం పైనున్న చక్రమని అన్నారు, తీర్మానమేమో ఫలకం మీది చక్రమంది. ఆ తేడాను సభలో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. పట్టించుకుని ఉంటే మన పతాకంలో 32 ఆకులుండేవేమో! 1950 జనవరి 26న స్వీకరించిన రాజముద్రలో కూడా సింహాలున్నాయి, ఫలకం ఉంది, శిఖరచక్రం లేదు, పద్మమూ లేదు. సింహాలు ఎందుకోసం నిలిచాయో ఆ చక్రం ముద్రలోనూ లేదు, జెండాలోనూ లేదు.

సరే, 24కు సూత్రప్రమాణం ఉందా? సారనాథ్‌లో చేసిన తొలి ప్రవచనం, ధమ్మచక్కప్పవత్తన సుత్తం, నాలుగు ఆర్యసత్యాలను మూడు పరివర్తాలుగా, పన్నెండు ఆకారాలుగా చెబుతుంది. కనుక 12కు ఆ చోటుతో, ఆ సూత్రంతో గట్టి సంబంధమే ఉంది. కాని 12ను రెట్టింపు చేసి చక్రానికి ఆకులు పెట్టమని అందులో లేదు. నిదానాలను అనులోమ ప్రతిలోమాలుగా మననం చేయడం బోధివృక్షం కింద జరిగిన ఘట్టం. అది ఉరువేలకు చెందినదే కాని ఇసిపతనానికి చెందినది కాదు. 24 అనే సంఖ్యే కావాలనుకుంటే అభిధమ్మంలోని పట్ఠానంలో 24 పచ్చయాలు నేరుగా ఉన్నాయి, రెట్టింపుతో పనిలేదు. పోనీ చక్కవత్తి చక్రరత్నాన్ని, మహాపురుష లక్షణాల్లోని పాదచక్రాన్ని చూద్దామా అంటే, పాళి సుత్తాలు వాటికి వేయి ఆకులున్నాయంటాయి. అశోకుని శాసనాల్లో ఎక్కడా చక్రపు ఆకుల లెక్క లేదు. రోజుకు 24 గంటలు, 24 సద్గుణాలు అనే వివరణలు మ్యూజియంలో పిల్లలకు చెప్పడానికి బాగుంటాయి. మౌర్యశిల్పికి గడియారం గంటలతో పనేముంది?

ఈ విషయంలో నాగార్జునకొండ మనకు ఒక మంచి పాఠం చెబుతుంది. అక్కడి స్తూపాల పునాది చక్రాకారంలో ఉంటుంది. నడుమ నాభి, చుట్టూ నేమి, రెంటినీ కలుపుతూ ఇటుక గోడలే ఆకులు, వాటి మధ్య గదుల్లో మట్టి. మొత్తం ఇటుకలతో కట్టనక్కరలేకుండా అండానికి బలం వస్తుంది. ఆకుల సంఖ్య అన్నిచోట్లా ఒకటి కాదు. చిన్న స్తూపాల్లో నాలుగు, పెద్దవాటిలో ఇంకా ఎక్కువ, పది దాకా కనిపిస్తాయి. చాంతిసిరి కట్టించిన మహాచైత్యం వ్యాసం 106 అడుగులు. అంత అండాన్ని మోయడానికి ఎన్ని గోడలు కావాలో స్థపతి లెక్క వేసుకున్నాడు. నాలుగాకులుంటే నాలుగు సత్యాలని, ఎనిమిదుంటే అష్టాంగ మార్గమని తరువాత మనం చెప్పుకోవచ్చు. ఆ అర్థం భక్తుడికి అబద్ధమూ కాదు. కాని గోడల లెక్క ముందు, అర్థం వెనక. ఆరాకుల స్తూపం దగ్గర నిలబడి అష్టాంగ మార్గమని చెప్పలేం కదా!

ఇక్కడే ఒక చిన్న ముచ్చట. పతాక చర్చలో హెచ్. వి. కామత్ చక్రం లోపల స్వస్తికాన్ని కూడా చేర్చాలని ఒక సవరణ ఇచ్చి, సభలో చూపిన జెండాను చూశాక ఉపసంహరించుకున్నారు. నాగార్జునకొండలో కొన్ని స్తూపాల చక్రనాభిలో ఇటుకలతో పేర్చిన స్వస్తికం నిజంగానే ఉంది. అక్కడ విస్తృతమైన తవ్వకాలు జరిగినది 1954–60 మధ్య. సవరణ ఇచ్చినాయనకు ఈ పోలిక తెలిసే అవకాశం లేదు. పోలికలన్నీ వారసత్వాలు కావని విద్యార్థులకు చెప్పడానికి నేను ఈ ఉదాహరణ వాడుతుంటాను.

సారనాథ్ స్తంభం మీద శీర్షం ఒక్కటే కాదు, శాసనం కూడా ఉంది. చక్రాన్ని గురించి మాట్లాడేవారిలో ఎక్కువమంది దాన్ని చదవరు. భిక్షువులైన పాఠకులకు అది కొత్త కాదు. సంఘాన్ని ఎవరూ చీల్చరాదని, చీల్చిన భిక్షువుకైనా భిక్షుణికైనా తెల్లబట్టలు కట్టించి, ఆవాసం కాని చోట ఉంచాలని అశోకుడు అందులో ఆజ్ఞాపించాడు. ఒక ప్రతి అధికారుల దగ్గర, ఒక ప్రతి ఉపాసకుల దగ్గర ఉండాలని, ప్రతి ఉపోసథానికీ ఉపాసకులు వచ్చి దీనిని మననం చేసుకోవాలని కూడా చెప్పాడు. ఇదే భావంతో సాంచీలోను, కౌశాంబి స్తంభం మీదను శాసనాలున్నాయి. అంటే ఆ స్తంభాన్ని నిలబెట్టిన రాజుకు అక్కడ తక్షణమైన చింత భేదం. 1947 జూలై 22న ఢిల్లీలో ఆ స్తంభపు చక్రాన్ని స్వీకరించిన సభకూ చింత అదే. మరో నాలుగు వారాలు తిరగకుండానే దేశం రెండయింది. ఆనాటి ప్రసంగాల్లో అశోకుడి శాంతి, ధర్మం, చలనం అన్నీ వచ్చాయి. అదే రాతిమీద చెక్కిన భేదశాసనం ప్రస్తావనకు వచ్చినట్టు ఆ చర్చలో నాకు కనబడలేదు. పతాకంలో చక్రం కూర్చున్నదీ తెల్లపట్టీమీదే గదా అని ఒక మిత్రుడు చమత్కరించాడు. శాసనంలోని తెల్లబట్టకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆ పట్టీ బెజవాడ ఆలస్యం వల్ల వచ్చిందని పైన చూశాం.

1947 తరువాత కథ గజాలకు, దారాలకు సంబంధించినది. 1951లో జెండా తయారీకి ప్రమాణాలు వచ్చాయి, తరువాత సవరించారు. 2002 జనవరి 26 నుంచి అమలైన పతాక నియమావళిలో 'అశోకచక్రం' అన్న పేరు, సమానమైన ఎడంతో 24 ఆకులు అన్న మాట స్పష్టంగా ఉన్నాయి. తీర్మానంలో చరఖాకు ప్రతీకగా ఉన్నది నియమావళిలో అశోకుడి పేరుతోనే స్థిరపడింది. 2021 డిసెంబరు సవరణతో పాలియెస్టర్ బట్టకు, యంత్రంతో చేసిన జెండాకు కూడా అనుమతి వచ్చింది. రాట్నం బొమ్మ 1947లో పోతే, రాట్నం మీద వడికిన నూలే ఉండాలన్న కట్టడి 2021లో పోయింది. దీనిమీద నా అభిప్రాయం కంటే ఖాదీ నేసేవారి అభిప్రాయం విలువైనది.

నాగార్జునకొండ మహాచైత్యంలో దొరికిన ధాతువును ప్రభుత్వం 1932లో మహాబోధి సభకు అప్పగించగా, దానిని సారనాథ్ మూలగంధకుటీ విహారంలో భద్రపరిచారు. ఆ సందర్భంలో ప్రభుత్వం తరఫున దానిని అందించినది పురావస్తుశాఖ డైరెక్టర్ జనరల్‌గా ఉన్న దయారామ్ సాహ్నియే. శిఖరచక్రపు ముక్కలను కొలిచి 32 అని రాసినది కూడా ఆయనే. 'బహుశా' అన్న మాట వదలకుండా రాశారు.

ఆ యువ భిక్షువుకు ఈ సంగతులన్నీ ఒక ఉత్తరంలో రాసి పంపాను. నిదానాల వివరణ ధ్యానానికి వాడుకోవచ్చునని, శిల్పి ఉద్దేశంగా మాత్రం చెప్పవద్దని, నేను కూడా ఇకమీద చెప్పనని రాశాను. పది రోజులకు జవాబు వచ్చింది. ఈ ఏడు సారనాథ్ యాత్రకు వెళుతున్నారట. ఫలకం చుట్టూ తిరిగి నాలుగు చక్రాల ఆకులూ విడివిడిగా లెక్కపెట్టి వస్తానని, శిఖరచక్రం ముక్కల్లో ఎన్ని ఆకుల మొదళ్ళు నిలిచి ఉన్నాయో కూడా చూసి చెబుతానని రాశారు.